కుక్క మెడలో నిమ్మకాయల దండ

నికనోరా అక్కకి,

నువ్వు లోయ నుంచి పంపిన నిమ్మకాయలు అందాయి గానీ, ఎవరి కోసం పంపావో ఆ మా కుక్క తిసోన్ పోయిన నెలలోనే చచ్చిపోయింది. నోటి వెంట చొంగ కారుతుంటే, కుక్కలకు ఏటా వచ్చే చీమిడి జబ్బే అనుకున్నాం. ఆ జబ్బుకి మనవైపు అందరూ చేసేట్టే, మా ఆయన ఎలెవుతేరియో ఇంట్లో ఉన్న నిమ్మకాయలే దండ గుచ్చి, దాని మెడలో వేశాడు. అయినా మింగలేకపోతుంటే, గొంతులో ఎముక అడ్డం పడిందేమోనని నోట్లో చెయ్యి పెట్టి వెతికాడు. దాని పళ్లు చేతికి గీరుకున్నాయి.

"లామాల మంద కాసేవాడి చెయ్యే ఇది, దీనికేమవుతుంది" అంటూ కోకా ఆకు నమిలి అద్దుకున్నాడు. ఆ గాయం మానిపోయింది.

నాలుగు రోజులుగా ఆ మానిన చోటే చీమలు పాకుతున్నట్టుందని గోక్కుంటున్నాడు. ఒళ్లు కాలుతోంది. నిన్న దాహమంటే, నువ్వు పంపిన కాయలు వృథా ఎందుకని రసం పిండి, చక్కెర కలిపి ఇచ్చాను. గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లాడు. అంతలో మెడ బిగుసుకుపోయి, గోడ వైపు తిరిగిపోయాడు.

"అవతల పెట్టవే దాన్ని. చూడలేకపోతున్నా" అన్నాడు.

కాయలు మరీ పుల్లటివేమో అక్కా. ఈసారి తియ్యటివి చూసి పంపు. ఆలస్యం చెయ్యకు.

నీ చెల్లెలు