బంగాళాదుంపల చేలో ఇచ్చిన తీర్పు

పొమెరేనియాలోని క్లాయిన్ ద్రేనో కాపురస్థుడను, ప్రష్యా రాజుగారి అశ్వదళంలో జనరల్‌గా చేసి ఇంటికి పంపబడినవాడను, ఎగ్బర్ట్ ఫాన్ ద్రేనో అనే నేను, డెబ్బై ఒకటవ ఏట, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా స్వహస్తాలతో వ్రాసిన వీలునామా ఇది. నా మతి స్థిరంగా ఉన్నది. ఆనవాయితీ కోసం ఈ మాట వ్రాయడం లేదు. నాకు మతి చలించిందని సైన్యంలో చాలామంది నమ్మారు గనుక వ్రాస్తున్నాను. చెడినవి ఊపిరితిత్తులు మాత్రమే. కోతల దాకా ఉండనని డాక్టరు నోటితో చెప్పలేదు గాని, ఆయన మొహం చూస్తే తెలిసింది.

1. క్లాయిన్ ద్రేనోలోని ఇల్లు, పొలాలు, సింధూర వృక్షాల అడవి, పశువులు యావత్తూ నా తదనంతరం సర్వహక్కులతో నా ఏకైక కుమారుడు, ఈటె రౌతుల దళంలో కెప్టెన్ అయిన టాంక్‌మార్‌కు చెందగలవు. సైన్యం వదిలి ఇంటికి వస్తేనే ఆస్తి అని మొదట ఒక షరతు వ్రాశాను. తర్వాత కొట్టివేశాను. ఆ షరతు చదివితే వాడు ఆస్తి అక్కర్లేదని సంతకం పెట్టి, అందరికంటే నాలుగు బారలు ముందుగా గుర్రాన్ని దౌడు తీయిస్తాడు. యుద్ధం ఈ వేసవిలోనే వచ్చేలా ఉంది. వాడికి పెళ్ళి కాలేదు. తల్లి పోయి చాలా కాలమైంది. వాడికి నేను, నాకు వాడు తప్ప ఎవరూ లేరు. మేమిద్దరం మాట్లాడుకుని మూడేళ్ళయింది.

2. మా ఇల్లు నడిపే ఫ్రావ్ పీపెర్‌కు ఆమె బతికినంత కాలం వంటింటి పక్క గదులు, చలికాలపు కట్టెలు, నా తోలు కోటు. కోటు కొలత తగ్గించి కుట్టించుకోవాలి. మొన్న నేను పోయే మాట ఎత్తితే ఆమె చేతిలో గరిటె ఆపకుండానే, "బాగుందండీ వరస. పెద్దబాతుల్ని పొగబెట్టి నిలవచేసే పని కాకుండానే పోతానంటే, ఆ మాంసమంతా ఎవరు తింటారు?" అంది. ఆ తర్వాత చాలాసేపు అటు తిరిగే ఉంది.

3. నా పినతండ్రి కుమారుడు జనరల్ ఒట్టోకార్‌కు నా దుర్బిణి. ఎదురుగా ఉన్నది కూడా అతనికి కనబడదు గనుక ఇది ఉపయోగపడవచ్చు. ఎందుకిస్తున్నానో నా కొడుకు కూడా చదవాలి గనుక వివరంగా వ్రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట శరదృతువు విన్యాసాల్లో, అంటే సైన్యం ఆడే ఉత్తుత్తి యుద్ధంలో, నేనూ ఒట్టోకార్ చేతికి తెల్ల పట్టీ కట్టుకున్న తీర్పరులం. చివరి రోజు అశ్వదళం దూకుతుంది, గెలుస్తుంది. అది మా ఆచారం. గుర్రాలకు జీను వేయకముందే తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు బంగాళాదుంపల చేను అవతల, కంచె వెనక, మరతుపాకులు రెండు పెట్టారు. ఈటెలు దించి ముందు వరసలో టాంక్‌మార్ దళం వచ్చింది. అంత అందమైన దౌడు నేనెన్నడూ చూడలేదు. కుర్రతనంలో ఫ్రెంచివారి మామూలు తుపాకుల మీదికి దూకి, మా దళంలో సగం మందిని గోధుమచేలో వదిలి వచ్చినవాణ్ణి. కంచె వెనక ఉన్నదేమిటో నాకు తెలుసు. చెయ్యెత్తి, ఈ దళమంతా చచ్చిపోయిందని తీర్పు చెప్పాను.

చచ్చినవారు గుర్రం దిగి, ఉన్నచోటే కూర్చోవాలని నియమం. వేడుక చూడ్డానికి వచ్చిన పెద్దింటి ఆడవాళ్ళు నవ్వుతుండగా, నా కొడుకు మనుషులు దుంపల సాళ్ళలో కూర్చున్నారు. వాడు మాత్రం నా దగ్గరికి వచ్చి వందనం చేసి, "చిత్తం దొరవారూ. మేం పోయామని మా వాళ్ళ అమ్మలకి తమరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అన్నాడు. వాడు నాతో అన్న చివరి మాట అదే.

కాసేపటికి ఒట్టోకార్ అడ్డుపడ్డాడు. పెద్దల ముందు నా భుజం తట్టి, "పాపం, మా అన్నయ్యకి వయసు మీదపడిందండీ. కొడుకు కదా, కళ్ళు బైర్లు కమ్మాయి" అన్నాడు. తీర్పు మారింది. చచ్చినవాళ్ళు లేచి, గుర్రాలెక్కి, గెలిచారు. కొత్త సంవత్సరానికల్లా నన్ను ఇంటికి పంపారు. నా పదవి ఒట్టోకార్‌కు ఇచ్చారు. ఆ తుపాకులు మాత్రం దేశదేశాల కంచెల వెనక అలాగే ఉన్నాయి. నేను చెప్పింది నిజమని రుజువయ్యే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు రాకూడదని మోకరిల్లి ప్రార్థిస్తున్నాను. దేవుడు కూడా విన్నట్టు లేదు.

4. నా పతకాలు రివాజు ప్రకారం రాజుగారి కార్యాలయానికి వాపసు పోవాలి. వెంటనే పంపండి. అవి గోడకు వేలాడుతుంటే చూసి చూసి నా కొడుకు రౌతు అయ్యాడు. ఆ గోధుమచేలో నేను బతికి బయటపడ్డది, రేగిన దుమ్ములో ఫ్రెంచివారికి కనబడకపోవడం వల్ల. పతకం మీద ఆ సంగతి వ్రాయరు.

5. ముసలి గుర్రం లోట్టె, దాని జీను, చెరువు పక్క పచ్చిక మా గుర్రాలను చూసుకునే సాహిణి క్రిషాన్‌కు. నా శవపేటిక వెనక జీను కట్టిన గుర్రాన్ని నడిపించే మర్యాద నాకు వద్దు. నాకు తెలిసిన గుర్రాలన్నీ చేయవలసినంత చాకిరీ చేశాయి.

6. ఈ వీలునామాను అమలుపరచవలసినవారు వకీలు క్నాప్. అడవిలో ప్రతి చెట్టునూ నా కొడుకు స్వయంగా చూసి లెక్క వ్రాయాలి. అందుకని దళం నుంచి వాడికి సెలవు ఇప్పించాలి. క్నాప్‌గారూ, మీ నత్తనడక చూసి జన్మంతా విసుక్కున్నాను. ఈ ఒక్కసారికి ఆ నడకే నడవండి. తప్పుగా లెక్కపెట్టారని మళ్ళీ మొదటికి పంపండి. వాడు ఇంట్లో ఉన్న ప్రతి పూటా నాకు లాభమే. ఈ ఎత్తు పారదని నాకు తెలుసు. బూర ఊదితే వాడు చెట్టు కింద నిలవడు. నేనూ నిలిచి ఉండేవాణ్ణి కాను.

7. నా కుమారుడు టాంక్‌మార్ నాకంటే ముందు

ఈ పేరా పూర్తిచేయకపోతే వీలునామాలో లోపం ఉండిపోతుందట. "అందరూ రాసేదేనండి దొరవారూ. రాసినంత మాత్రాన జరుగుతుందా?" అంటారు క్నాప్. వాడు చచ్చాడని నేను ఒకసారి అన్నాను. అలా అంటేనైనా బతుకుతాడని అన్నాను. మళ్ళీ నా చేత అనిపించకండి. ఆస్తి ఎవరికి పోతే వారికి పోనీయండి. ఈ పేరా ఇంతే.

క్లాయిన్ ద్రేనో, 1914 జూలై 26, ఆదివారం.

(చేవ్రాలు) ఎగ్బర్ట్ ఫాన్ ద్రేనో

సాక్షులు:
గాట్‌హిల్ఫ్ సీవెర్ట్, పాస్టర్
హిన్‌రిక్ మోల్డెన్, గాలిమర యజమాని