ఇద్దరికీ ఏడాది పాస్

నవంబర్ 3, సోమవారం
పొద్దున మంచు. నీళ్ల ట్యాంకు కడిగి పార్కుకు వెళ్లాను. రోజూ టికెట్ ఎందుకు, ఏడాది పాస్ తీసుకోవచ్చు కదా అని కౌంటర్‌లో మనిషి ఇవాళ కూడా అడిగాడు. ఫొటోలు రెండు, ఆధార్ జిరాక్స్ చాలట. ఆలోచిస్తానన్నాను.

సీతాఫల్‌మండి నుంచి స్కూటర్ మీద నేషనల్ పార్కు దాకా ఎందుకు, వెనక వీధిలో గ్రౌండ్ లేదా అని అందరూ అంటారు. గ్రౌండ్‌లో అందరూ తెలిసినవాళ్లే. ఒక్కొక్కరి దగ్గరా ఆగి జవాబు చెప్పాలి. పార్కులో నన్ను ఎవరూ ఎరగరు. షుగర్ కోసం మొదలుపెట్టాను. ఇప్పుడు షుగర్ ఒక్కటే కారణం కాదు.

నవంబర్ 4
వసుధ స్కూల్ బస్సులో ఆయా పని మానేసింది. ఇన్నేళ్లూ ఈపాటికి బస్సెక్కే మనిషి, ఇవాళ నా ఎదురుగా కూర్చుని టీ తాగింది. పొద్దున పూట ఇల్లు ఇలా ఉంటుందని తనకు తెలియదంది. తర్వాత, తానూ పార్కుకు వస్తానంది. పాస్ తీసుకుంటే ఇద్దరికీ తీసుకొమ్మంది.

నేను స్కూటర్ తాళం తీసుకున్నాను.

నవంబర్ 5
కార్తీక పౌర్ణమి. వసుధ గుడిలో దీపాలు పెట్టడానికి వెళ్లింది. ఒక్కడినే నడిచాను. బాగుంది.

నవంబర్ 6
మోండా మార్కెట్‌లో పప్పుల కొట్టు ధర్మరాజు గారి కాంటా బాగుచేసి ఇచ్చాను. డబ్బు ఇవ్వబోయారు. వద్దన్నాను. బాగుచేసిన కాంటాకి వెంటనే డబ్బు తీసుకోను. వారం వాడి చూడండి, సరిగ్గా తూగితే ఇవ్వండి అంటాను. పని నేర్చుకున్నప్పటి నుంచి ఇదే పద్ధతి. నేర్పినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి పద్ధతి కూడా నేనే పెట్టుకున్నాను.

మాటల్లో పార్కు పాస్ సంగతి వచ్చింది. మా ఆవిడ కూడా వస్తానంటోందని, ఒకటా రెండా తేల్చుకోలేకపోతున్నానని చెప్పాను. ఆయన నవ్వారు.

"అయితే ఆవిడకి కూడా వారం ట్రయల్ పెట్టండి తుకారాం గారూ."

దారంతా ఆలోచించాను. సబబుగానే తోచింది. రాత్రి వసుధతో చెప్పాను, వారం టికెట్ మీద వెళదాం, చూసి పాస్ తీసుకుందాం అని. ఏం చూస్తావని అడిగింది. కుదురుతుందో లేదో అన్నాను. కుక్కర్ మూత పెడుతూ సరే అంది.

నవంబర్ 7
వసుధ వచ్చింది. దారి పొడుగునా మాట్లాడింది. చేతులు బార్లా చాపి నడిచే ఆయనకు ట్రాఫిక్ పోలీస్ అని పేరు పెట్టింది. ఆకుపచ్చ చున్నీ ఆవిడ ఫోన్‌లో చెల్లెలితో కొట్లాడుతోంది, ఆస్తి గొడవట. రోజూ ఇంతేనా అని వసుధ నన్ను అడిగింది. తెలియదన్నాను. ఇన్ని నెలలుగా అదే దారిలో నడుస్తున్నాను. ఆవిడను చూసిన గుర్తు కూడా లేదు.

రెండో మలుపు దగ్గర, నడిచేటప్పుడు మాట్లాడితే ఆయాసం వస్తుందన్నాను. ఆపేసింది.

నవంబర్ 8
మాట్లాడలేదు.

నవంబర్ 9
ఒక ముంగిస దారి దాటింది. ఇద్దరం చూశాం. నడక ఆపలేదు.

నవంబర్ 11
చలి పెరిగింది. బీరువాలోంచి స్వెటర్ తీశాను.

నేను ముందు నడుస్తున్నాను. వెనక ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఒకచోట అది లేదని తెలిసింది. ఎప్పటి నుంచి లేదో తెలియదు. తిరిగి వెళ్లాను. చాలా దూరంలో రాయి మీద కూర్చుని ఉంది. చెప్పు తెగింది. పిన్నీసుతో తానే సరిచేసుకుంటోంది. పిలవొచ్చు కదా అన్నాను. మాట్లాడితే ఆయాసం అంది. నువ్వు పో, నీ రౌండ్ కానియ్ అంది.

వెళ్లాను. రౌండ్ పూర్తి చేసి వచ్చాను.

నవంబర్ 13
వారం అయింది. ఇద్దరికీ పాస్ తెస్తాను, ఫొటో ఇవ్వమన్నాను. వసుధ గోంగూర తెంపుతోంది. చేతులు ఆపలేదు.

"నీ ఒక్కనికే తెచ్చుకో. వారం దినాలు నువ్వు నన్ను చూసినవ్. నేను సుత నిన్ను చూసిన. నువ్వు ఒకరి పక్కన నడిచే మనిషివి గాదు."

పక్కింటి అనసూయమ్మతో గ్రౌండ్‌కు పోతుందట. ఆమెలో కోపం లేదు. ఉంటే ఏదైనా అనేవాణ్ణేమో. అన్నం పెట్టింది. పచ్చడిలో నూనె సరిపోయిందా అని అడిగింది.

నవంబర్ 14
పార్కుకు ఒక్కడినే. ఆకుపచ్చ చున్నీ ఆవిడ ఇవాళ ఫోన్‌లో నవ్వుతోంది. చెల్లెలితోనో, మరెవరితోనో. ఎవరిని అడగాలి.

కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఒక్కరికా, ఇద్దరికా అన్నాడు. మళ్లీ వస్తానన్నాను.

ఇదివరకు ఈ దారి నాకు సరిపోయేది. ఇప్పుడు ఆమె వచ్చిన దారి అయింది, ఆమె లేదు. ధర్మరాజు గారు జోక్ వేశారు. అది నాకు జోక్‌గా తోచకపోవడం నా తప్పు. కాంటాను ట్రయల్‌కి పెడితే ఎదురు మాట్లాడదు. మనిషిని అలా పెట్టాను.

నవంబర్ 16, ఆదివారం
పార్కుకు పోలేదు. గ్రౌండ్‌కు వెళ్లాను. గేటు దగ్గరే రాజేందర్, తర్వాత బ్రహ్మచారి గారు, తర్వాత పేరు గుర్తులేని ఇద్దరు. అందరికీ ఆగి జవాబు చెప్పాను. షుగర్ ఎంతుందో కూడా చెప్పాను.

వసుధ, అనసూయమ్మ ముందు నడుస్తున్నారు. వసుధ ఎవరినో చూపించి ఏదో చెబుతోంది, ఆమె నవ్వుతోంది. అందుకోవడానికి కష్టమైంది. నన్ను చూసి అనసూయమ్మ, ఏందన్నా గిటు వచ్చినవ్, పార్కుల నెమళ్లు అలిగినయా అని, తానే రెండడుగులు ముందుకు పోయింది.

రాత్రంతా తయారుచేసుకున్న మాట చెప్పాను.

"నువ్వు లేకుంటే నాకు నడవబుద్ధి అయితలేదు."

వసుధ ఆగలేదు. కొంచెం దూరం పోయాక అడిగింది.

"గిది ఎన్ని దినాల ట్రయల్?"

"ట్రయల్ లేదు."

ఒక చుట్టు నడిచాం. పక్కపక్కనే. మోకాలు నొప్పి.

నవంబర్ 17
ఏమీ తేలలేదు. నేను రెట్టించలేదు.

నవంబర్ 18, పొద్దున 5.10
మబ్బు. వంటింట్లో బల్బు మార్చాను. స్కూటర్ తాళం కోసం వెళితే దాని కింద కవర్ ఉంది. వసుధ ఫొటోలు, కొత్తవి. ఎప్పుడు తీయించుకున్నావని అడిగాను. నిన్న, అనసూయమ్మను తీసుకుని పోయిందట. ఒక కన్ను చిన్నగా పడిందంది. బాగుందన్నాను. చూడకుండనే చెప్తున్నవ్ అంది. నిజమే. లైటు కిందికి తీసుకెళ్లి చూశాను. ఎడమ కన్ను. ఎప్పుడూ అంతేనేమో, నేనే...

కింద నుంచి పిలుస్తోంది. ఇద్దరి ఆధార్ జిరాక్స్ ఇంకా తీయించాలి.