ఆపినా మళ్ళీ లేచే ప్రోగ్రాం

మోవా, మంగళవారం రాత్రి

రైల్వే స్టేషన్ ఊడ్చే కాంట్రాక్టు కార్మికుల కోసం రాస్తున్న హిందీ కరపత్రం పొద్దున్నే అచ్చుకు ఇవ్వాలి. సాయంత్రమంతా కంప్యూటర్ బిగుసుకుపోయింది. మెమరీ మొత్తం ఒకే ప్రోగ్రాం మింగుతోంది, ఆపితే నిమిషంలో మళ్ళీ లేస్తోంది. ఇది కూడా కంపెనీల దోపిడీయేనని అరిచాను.

ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చిన అక్క తెర చూసి నవ్వింది. "ఒరేయ్, అది వెతకడానికి వీలుగా ఫైళ్ళు చదివి పెట్టుకునే ప్రోగ్రాం. నువ్వు స్కాన్ చేసి కుక్కిన వేల కరపత్రాలు చదువుతోంది పాపం. ఆ ఫోల్డర్ ఛోడ్ దో, వదిలేయ్ అని సెట్టింగ్‌లో పెట్టు, బస్, అంతే చాలు. నువ్వు చదవనివి అదైనా చదివింది."

పెట్టాను. వెంటనే తేలికపడింది. అక్క మాటకు ఒళ్ళు మండినా, నాలుగు పేజీల నా కరపత్రాన్ని ఒక్క పేజీకి కోశాను. డ్యూటీ దిగి అలసిపోయి వచ్చేవాళ్ళు ఆ ఒక్క పేజీ అయినా చదువుతారో లేదో...