దీలిష్ అనే ఐరిష్ మాట

సిస్టర్ యీలిష్,

మీరు పోయి రేపటికి ఏడాది. మీరున్నప్పుడు ఒక్కసారీ ఇలా పిలవలేదు, చనువు ఎక్కువైందనుకుంటారేమోనని.

నేను బి.ఏ. చదివే రోజుల్లో మీరు నా దగ్గర తెలుగు నేర్చుకునేవారు. సెలవుల్లో మైలాపూరు నుంచి మీకు మొదటి ఉత్తరం రాశాను. పెళ్ళయినవాళ్ళకి 'మహాలక్ష్మీ సమానురాలు' అనీ, భర్త పోయినవాళ్ళకి 'గంగాభాగీరథీ సమానురాలు' అనీ మొదలుపెట్టడం మా ఇళ్ళలో వాడుక. మీ తెల్లబట్టలు తలుచుకుని రెండోదే రాసేశాను. అర్థం చెప్పాక మీరు పడీపడీ నవ్వారు. "నాకు మొగుడెప్పుడు పోయాడే పిల్లా?"

అప్పుడే మీ భాషలో 'దీలిష్' అనే విశేషణం ఉందన్నారు. మొదట్లో దానికి 'సొంతమైన' అని అర్థమట, పోనుపోను 'నమ్మకమైన', 'ప్రియమైన' అయిందట. మన తెలుగులోలా ముందు రాదు, మనిషి పేరు వెనకాల వస్తుంది. పిలిచేటప్పుడు మొదటి అక్షరం మెత్తబడి 'యీలిష్' అవుతుంది. "పెళ్ళయిందా, లేదా అని అది అడగదు" అన్నారు.

ఇవాళ వాషర్‌మెన్‌పేట నుంచి మా మేనమామ కార్డు వచ్చింది. పోయిన నెల మా ఆయన పోయాక మామయ్య రాసిన మొదటి కార్డు ఇదే. మొన్నటిదాకా నేను మహాలక్ష్మిని. ఇందులో 'గంగాభాగీరథీ సమానురాలైన' అని ఉంది.

"పెద్దాయన, చేతికి అలవాటైంది రాసుంటాడు. విడిచిపెట్టమ్మా" అంది వదిన.

నిజమేనేమో. కానీ ఆ మొదటి లైను దాటి చదవలేకపోయాను. మీరుంటే కార్డు మీ చేతికిచ్చి, తక్కిందంతా చదివి పెట్టమనేదాన్ని.