మన చెలక ఎత్తు

బాపూ,

ఈరోజు ఎల్లారెడ్డిపేటలో మన చెలకను నేనే కొలిచాను. కాలువ సర్వేలో నాకు ఉద్యోగం వచ్చింది. అప్పట్లో వచ్చిన సర్వేవాళ్లు మన చెలక కాలువకంటే ఎత్తులో ఉందని, నీళ్లు ఎక్కవని రాశారు. ఆ ఏడే నువ్వు దుబాయి పోయావు. పెట్టెలో తిరిగొచ్చావు.

సర్వేలో ఎత్తు కొలిచేది ఉపగ్రహంతో. అది భూమిని నున్నటి గుండు అనుకుని ఎత్తు చెబుతుంది. నీళ్లు మాత్రం భూమి ఆకర్షణను బట్టి పారతాయి. ఆ ఆకర్షణ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. దాని లెక్క కలిపితేనే అసలు ఎత్తు తేలుతుంది. అప్పటివాళ్లు కాలువకు ఒక లెక్క, మన చెలకకు వేరే పాత లెక్క కలిపారు. అందుకే కాగితం మీద చెలక ఎత్తయింది.

మూడుసార్లు కొలిచాను. మన చెలక కాలువకంటే మూరెడు కిందనే ఉంది. యంత్రం వదిలేసి గెట్టుమీద కూర్చున్నాను.

అమ్మ పరుగున వచ్చింది. "ఏమైంది బిడ్డా? నీళ్లు రావా?"

"అస్తయమ్మా. అప్పుడు గూడ అస్తుండె. గాళ్ల లెక్కనే తప్పు."

"అంటే మీ బాపు దుబాయి పోకున్నా నడుస్తుండెనా?"

నేను తలూపాను. అమ్మ ఎండిన చెలక నడుమకు నడిచి, గట్టిగా నిన్ను పేరు పెట్టి పిలిచింది. అమ్మ నోట నీ పేరు వినడం నాకు ఇదే మొదటిసారి.