ఒక్కసారే ఆరిన రెండు దీపాలు

గద్వాల, 2006, బుధవారం రాత్రి

ఈరోజు కారు కొనలేదు. టాక్సీగా తిప్పుకుందామని చూసిన ఆ సెకండ్ హ్యాండ్ కారు నాకు బాగా నచ్చింది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపాలు వెలిగాయి, స్టార్ట్ కాగానే ఆరిపోయాయి. ఇంకేం కావాలి అనుకున్నాను. మెకానిక్ ఖాజా భాయ్ మాత్రం బానెట్ కూడా ఎత్తకుండా నాలుగుసార్లు స్టార్ట్ చేసి ఆపాడు.

"బ్యాటరీ దీపం, ఆయిల్ దీపం ఒక్కసారే ఆరుతున్నయ్ శేఖర్. గట్ల ఆరవు. ఆయిల్ పైకెక్కనీకి జర టైం పడ్తది. ఆయిల్ దీపం వైరు తీసి బ్యాటరీ దీపానికి గలిపిండ్రు."

విప్పి చూస్తే అచ్చం అదే. అమ్మే ఆయన తల దించుకున్నాడు. ఖాజా భాయ్ ఆయన్ని ఒక్క మాట అనకుండా వైరు సరిచేశాడు. ఈసారి ఆయిల్ దీపం ఆరలేదు, అంటే ఇంజన్‌లో ఆయిల్ సరిగా ఎక్కడం లేదు.

"గిప్పుడు నిజం జెప్తున్నది. గిట్లనే అమ్ముకో" అన్నాడు ఆయనతో.

నాగర్‌కర్నూల్ దాకా వెతికినా అలాంటి కన్ను దొరకదు. ఆ మనసు అసలే దొరకదు. పోయిన ఎండాకాలం నా జీపు అమ్మేముందు, ఆరకుండా వెలుగుతున్న ఆయిల్ దీపం బల్బు పీకెయ్యమని ఆయన్నే అడిగాను. "నాతోని గాదు" అన్నాడు. ఇంటికొచ్చి నేనే పీకేశాను. ఆ సంగతి ఎత్తుతాడేమోనని ఈరోజు భయపడ్డాను. ఆయన చేతులు తుడుచుకుని నాకు చాయ్ తెప్పించాడు.

ఆ జీపు ఇప్పుడు రాజోలిలో బడిపిల్లలను తిప్పుతోంది. రేపు ఒక బల్బు జేబులో వేసుకుని అక్కడికి పోవాలి. జీపు కొన్నాయనతో మాట ఎట్లా మొదలుపెట్టాలో...