మొలతాడుకు గబ్బిలం ఎముక

మట్టెవాడ, వరంగల్
శ్రావణ మాసం, 1978

చి.ల.సౌ. లక్ష్మీనర్సమ్మను ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ, బర్రే, పాత మిల్లు వెనక చింతచెట్టు మీది గబ్బిలాలూ క్షేమం. డోర్నకల్‌లో నువ్వూ, బాలింత అరుణా, మనవడూ, రైలు డ్యూటీల నడుమ అల్లుడూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. వంటింటి పెంకులు సర్దించాను. బర్రె పాలు తగ్గించింది. నీ మీద బెంగో, నా చేతి మీద కోపమో తెలియదు. నీ కొమ్ము దువ్వెన సంగతి చివర రాస్తాను.

ముందు నా గోడు విను. కొట్లో జీలకర్ర పొట్లం కట్టబోతుంటే పాత పత్రికలో గబ్బిలాల మీద వ్యాసం కనపడింది. నా చదువంతా పొట్లాల చదువే గదా. ఒకసారి సూర్యగ్రహణం గురించి చదువుతుంటే రెండో సగం బెల్లంతో పాటు ఎవరింటికో వెళ్ళిపోయింది. ఆ గ్రహణం నాకు ఇప్పటికీ విడవలేదు. ఈ వ్యాసం మాత్రం మొత్తం దక్కింది.

దక్కింది దాచుకోలేక, పోయిన నెల ఒక ఆదివారం పొద్దుగూకే వేళ వాడలోని పిల్లల్నీ తల్లుల్నీ చెట్టు కిందికి పిలిచాను. గబ్బిలం పక్షి కాదనీ, మనలాగే పాలిచ్చి పెంచుతుందనీ, పిల్లను కడుపుకు కరిపించుకొని ఎగురుతుందనీ చెప్పాను. మసక చీకట్లోనూ చూపు బాగా ఆనుతుందన్నాను. అవి ఒక్కొక్కటే రెక్కలు విప్పి లేస్తుంటే, "తాతా, దానికి నక్క మూతి ఉన్నదే!" అని ఒక పిల్ల అరిచింది. నా జన్మ తరించిందనుకున్నాను.

అంతలోనే ఎదురింటి పూలమ్మ అందుకుంది. "మొగిలన్నా, గంత మంచి చూపా? మా బిడ్డకు రేచీకటి. జర ఒక ఎముక ఇప్పియ్యరాదే, మొలతాడుకు కడ్త."

"దవాఖానకు తీస్కపోరాదు!"

"దవాఖాన్ల ఎముకలిస్తరా?"

అందరూ నవ్వారు. ఇంకొకామె, "మా పిల్లగాడు నిద్రల ఉలిక్కిపడ్తాండు, నాకూ ఒకటి" అంది. పూలమ్మ పెనిమిటి పోశయ్య, "ఫికర్ చెయ్యకుండ్రి. పిట్టలు పట్టేటాయనను రేపే వలతోని పిలుస్త" అన్నాడు. నోరారా పొగిడి ఆ మూగజీవాల మీదికి వల తెచ్చింది నేనే!

మరునాడు కొట్టు తీస్తూనే చాటించాను: ఎముకలు నా దగ్గరున్నాయి, చెట్టు మీద వల పడితే ఒక్కటీ ఇవ్వను. పూలమ్మకు మాత్రం, దవాఖాన మందు పడితేనే ఎముక పనిచేస్తుందని షరతు పెట్టాను. "గిట్ల నల్లగున్నదేందే?" అంది. "గబ్బిలానిది మరి, తెల్లగుంటదా?" అన్నాను. నమ్మింది.

వలాయన ఉత్త చేతులతో వెళ్ళాడు. గబ్బిలాలు మిగిలాయి, నా చదువే మిగల్లేదు. మందు మింగిన పిల్లకు చూపు మెరుగైంది, పేరు ఎముకకొచ్చింది. ఇప్పుడు పక్క వాడలవాళ్ళు కూడా కొట్టు ముందు నిలబడి పప్పూ ఉప్పూ అడగరు, ఎముక అడుగుతారు. ఒళ్ళు మండిపోతోంది.

నువ్వేం తక్కువా? ఆ పేరు డోర్నకల్ దాకా పాకినట్టుంది, మనవడికి గబ్బిలం ఎముక కావాలని రాశావు, అటు వస్తున్న మన వాడ గోపాల్ చేత పంపాను. అది కట్టింది మొదలు వాడు ఉలిక్కిపడకుండా నిద్రపోతున్నాడని మురిసిపోతూ రాశావు.

ఇక దువ్వెన. వెతకమని రాశావు గాని, అది పోలేదు. నీ పెట్టెలోంచి తీసి, పళ్ళు విరిచి, సానరాతి మీద నున్నగా నూరింది నేనే. వాడలోని మొలతాళ్ళన్నిటికీ వేలాడుతున్నది అదే. మనవడి మొలకున్నదీ అదే. అమ్మమ్మ తలనూనె ఇన్నేళ్ళు తాగిన పన్ను; దాని పక్కన వాడికి నిద్రపడితే కాదనడానికి నాకు నోరు రావడం లేదు. విప్పుతావో ఉంచుతావో నీ ఇష్టం.

వచ్చేటప్పుడు కొత్త దువ్వెన కొనుక్కో. ఎర్రటి ప్లాస్టిక్‌ది చూడు. దాన్ని ఎముకంటే పూలమ్మ కూడా నమ్మదు.

ఇట్లు
నీ దువ్వెన దొంగ, నీ ఇంటాయన
మొగిలయ్య